బుగ్గలో కరక్కాయ

కోదాడలో మా పెళ్ళి రోజున పాస్టరు అయ్యగారు నా వైపు తిరిగి, "సువార్తమ్మా, ఈ రాజారత్నాన్ని భర్తగా స్వీకరించడం నీకు సమ్మతమేనా?" అని అడిగారు. నేను గొంతు సవరించుకునేలోపే "సమ్మతమే అయ్యగారూ!" అని పక్కనుంచి జవాబు వచ్చింది. చెప్పినవాడు పెళ్ళికొడుకు. చర్చిలో జనం ఘొల్లుమన్నారు. మా నాన్న తల పట్టుకున్నాడు. అయ్యగారు దగ్గి మళ్ళీ అడిగితే, ఈసారి పెళ్ళికొడుకు నా చెవి దగ్గరకొచ్చి "సమ్మతమే అను, సమ్మతమే అను" అని అందించాడు. సరే, అన్నాను. కాబట్టి ఈ పెళ్ళికి నేను సొంతంగా ఒప్పుకున్నానని చెప్పడానికి సాక్ష్యం ఏమీ లేదు.

మా ఆయన చెడ్డవాడని కాదు. వచ్చిన తంటా అంతా మంచితనంతోనే. ఎదుటి మనిషి ఒక మాట కోసం తడుముకుంటుంటే ఆయన చూసి ఊరుకోలేడు, ప్రాణం గిలగిల్లాడుతుంది. మంగలి గడ్డం గీస్తుంటే కత్తి ఎటు తిప్పాలో చెబుతాడు. చర్చిలో అయ్యగారి ప్రార్థనకు అయ్యగారి కంటే ముందే ఆమెన్ అంటాడు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సులో ముందు సీటు దొరికిందా, డ్రైవరు బతుకు బండలే. ఓసారి మునగాల దగ్గర డ్రైవరు బండి ఆపేసి, "సారూ, నువ్వన్న నడుపు, లేకుంటె నన్నన్న నడపనియ్యి" అని దణ్ణం పెట్టాడు. ఇక నేను వంకాయలు కోస్తుంటే వెనకే నిలబడి "నాలుగు పక్షాలుగా కొయ్యి, తొడిమ తియ్యకు" అనేవాడు. ఒళ్ళు మండి, "అడగందే అమ్మైనా పెట్టదంటారు, మీరు అమ్మను మించిపోయారు, వద్దన్నా పెడతారు" అని దెప్పాను. మెచ్చుకున్నాననుకుని రోజంతా మురిసిపోయాడు మహానుభావుడు.

అలాంటి మనిషికి దేవుడు ఇచ్చిన ఉద్యోగం బడిపంతులు. ఎలుకకు వడ్ల గరిసె దొరికినట్టు దొరికింది.

సూర్యాపేట శివారులో, పెన్‌పహాడ్ పోయే దారి పక్కన, మిషను వాళ్ళ ఒంటిపంతులు బడి అది. మట్టిగోడలు, తాటాకు కప్పు, దాన్ని ఆనుకుని మా ఇల్లు. వాన పడితే బడీ ఇల్లూ కలిసే కురిసేవి. మా అక్క కమలమ్మ మిర్యాలగూడలో పెంకుటింట్లో ఉండేది, పెరట్లో సొంత బావి. నేనేమో ఇక్కడ చూరు కింద గిన్నెలు పెట్టుకుంటూ, ఎప్పటికైనా మమ్మల్ని మిర్యాలగూడ మార్చమని దేవుణ్ణి రోజూ అడిగేదాన్ని. ఆ ప్రార్థనకి మాత్రం మా ఆయన ఆమెన్ అనేవాడు కాదు.

ఆ రోజుల్లో బడి అంటే గోల. పిల్లలంతా గొంతు కలిపి పద్యాలు, ఎక్కాలు వల్లె వెయ్యాలి. ఎంత పెద్దగా అరిస్తే అంత మంచి బడి, అంత మంచి పంతులు. బడి ఎక్కడుందో కళ్ళతో వెతకక్కర్లేదు, చెవులు చాలు. వాడకట్టు వాళ్ళకు మా బడే గడియారం. పదో ఎక్కం వినబడితే ఆడవాళ్ళు ఎసరు పెట్టేవారు, ఇరవయ్యో ఎక్కం అయ్యేసరికి గంజి వార్చేవారు. కల్లుగీసే దుర్గయ్య అయితే తాటిచెట్టు మీదనుంచే, "ఓ సారూ! పంతొమ్మిదో ఎక్కంల పోరగాండ్లు ఒక మెట్టు దుంకిండ్రు!" అని కేకేసేవాడు. ఏనాడూ బడి గడప తొక్కని మనిషికి వినీ వినీ ఎక్కాలన్నీ వచ్చేశాయి.

ఆ గోలలో నోరు మూసుకుని కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. కూలికి పోయే ఈదమ్మ కూతురు, పేరు రంగి. పదేళ్ళుంటాయేమో. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు బడిలో చేరింది. అందరూ పంతులు వైపు తిరిగి కూర్చుంటే ఇది గోడ వైపు తిరిగి కూర్చునేది. ముందు చింతగింజలు పరుచుకుని అటూ ఇటూ జరుపుతూ ఉండేది. మొదట్లో మా ఆయన ఇది మూగదనుకుని జాలిపడ్డాడు. ఒకరోజు పక్కన కూర్చుని అడిగాడు.

"ఏం బిడ్డా, నోరు రాదా నీకు?"

"వస్తది సారూ."

"మరి అందరు పదమూడో ఎక్కం చదువుతుంటె నువ్వు చదవవేంది?"

"గది ఎందుకు సారూ? పదో ఎక్కం ఉన్నది, మూడో ఎక్కం ఉన్నది. రెండు కలుపుకుంటె పదమూడోది అయితది గద! మళ్ళ దాన్ని వేరే ఒర్రుడెందుకు?"

ఆ మధ్యాహ్నం మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలపడం మర్చిపోయాడు. "సువార్తా! గీ మాట నాకు ట్రైనింగుల గూడ ఎవ్వరు చెప్పలేదు. గీ పిల్ల సొంతంగ కనుక్కున్నది! దీన్ని ఎట్లనన్న పైకి తీసుకురావాలె!" అంటూ చెయ్యి ఊపితే పప్పు నా చీర మీద పడింది. రంగి పని అయిపోయిందని నాకప్పుడే తెలిసిపోయింది.

మర్నాటి నుంచి మొదలుపెట్టాడు సాయం. రంగి రెండు గింజలు జరిపితే మూడోది ఆయన జరిపేవాడు. అది తల గీరుకుంటే జవాబు చెప్పేసేవాడు. ఆ పిల్ల ఏడవలేదు, ఎదురు తిరగలేదు. "చెప్పొద్దు సారూ, నేను సూస్తున్న" అనేది. అయినా చెప్పేవాడు. అప్పుడు గింజలన్నీ ఒళ్ళోకి ఊడ్చుకుని లేచేది. "నువ్వు చెప్పినవ్ గద. ఇగ గది నీది" అనేసి బయటికి నడిచేది. అంతే, మళ్ళీ నాలుగైదు రోజుల దాకా బడి మొహం చూసేది కాదు. వచ్చినా ఆ లెక్క జోలికి మళ్ళీ పోయేది కాదు. ఎవరో ఎంగిలి చేసిన కంచంలా దాన్ని పక్కకు నెట్టేసేది.

"పొగరండీ. రెండు తగిలిస్తే దారికొస్తుంది" అన్నాను నేను.

"పొగరు కాదు సువార్తా. అది వేరే ఏదో ఉన్నది" అని ఆయన గోడకు తల ఆనించి కూర్చున్నాడు. ఆ మొహం చూస్తే పాపమనిపించింది. మంచి చేయబోతే పిల్ల పారిపోతోంది మరి!

చివరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఈదమ్మ గుడిసెకి పోయాం ఇద్దరం. ఆవిడ జొన్నలు చెరుగుతోంది. రంగి ఎక్కడా కనబడలేదు. మా ఆయన విషయమంతా చెప్పాడు. చెప్పడమేం, మధ్యలో ఈదమ్మ అనబోయే మాటలు కూడా ఆయనే అనేశాడు. ఆవిడ చేట కింద పెట్టి, ఆయన అయిపోయేదాకా ఓపిగ్గా ఉండి అప్పుడంది.

"సారూ, గది నడక నేర్సేటప్పుడు గూడ ఏలు వట్టనియ్యలే. వడతదేమో అని నేను ఏలిస్తె, సప్పున కింద కూసునేది. ఇడిసిపెడితె మళ్ళ లేసేది. మా అత్త అన్నది, 'ఓ పిల్లా, దాన్ని పట్టకు. అట్లని ఒదిలి పోకు. జర దూరంల నిలవడు, అది తల తిప్పితె నువ్వు కనవడాలె, గంతే' అని. నేను గట్లనే నిలవడ్డ."

"నిలవడితె?" అన్నాడు మా ఆయన. జీవితంలో ఆయన ఒక ప్రశ్న అడిగి ఆగడం నేను మొదటిసారి చూశాను.

"నిలవడితె ఏముంటది సారూ? నడిసింది. ఇగ ఇప్పుడు నిలవడుమంటె నిలవడతలేదు!"

ఇంటికొచ్చాక, "దూరంల నిలవడాలె... తల తిప్పితె కనవడాలె..." అని తనలో తను గొణుక్కున్నాడు. వినడానికి ఎంత తేలిక! కానీ నోరు ఊరుకోవాలిగా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మర్నాడే రంగి గింజల ముందు ఆగితే ఆయన పెదాలు కదలడం మొదలెట్టాయి. అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి జవాబు కారిపోయింది. రంగి గింజలు ఊడ్చుకుంది.

అప్పుడు దొరికింది కరక్కాయ. అరిచి అరిచి గొంతు బొంగురుపోకుండా పంతుళ్ళంతా జేబులో కరక్కాయ ముక్క పెట్టుకునేవారు. మా ఆయన జేబులోనూ ఉండేది. ఒకరోజు పొరపాటున పెద్ద ముక్క బుగ్గన పెట్టుకున్నాడట. ఆ వగరుకు నాలుక ముడుచుకుపోయి మాట పెగల్లేదు. అదే సమయానికి రంగి ఏదో లెక్కతో కుస్తీ పడుతోంది. ఈయన కళ్ళనీళ్ళు పెట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు. కాసేపటికి ఆ పిల్ల చటుక్కున తల తిప్పి, "వచ్చింది సారూ!" అని నవ్వింది. బడిలో చేరాక అది నవ్వడం అదే మొదలు. కరక్కాయతో సహా మా ఆయనా నవ్వాడు.

ఇక ఆ రోజునుంచి రంగి గోడవైపు తిరిగితే చాలు, ఈయన బుగ్గ ఉబ్బేది. చెప్పడం మానేశాడు గానీ పిల్లను గాలికొదిలెయ్యలేదు. దాని దారిలో ఏదో ఒకటి పడేసేవాడు. ఒకరోజు మూరతాడు, ఒకరోజు పగిలిన తక్కెడ, ఒకరోజు పాత పంచాంగం. ఇది చూడు అని అనేవాడు కాదు. రంగికి కావాలనిపిస్తే తీసుకునేది, లేకపోతే దాటుకుని పోయేది. తక్కెడను వారం రోజులు ముట్టుకోలేదు. తర్వాత దాన్ని పట్టుకుని మా వంటింట్లోకే వచ్చి, "పంతులమ్మా, నీ ఉప్పురాయి ఒకటియ్యవా, గింజలతోని తూస్త" అంది. ఆ వారమంతా మా కూరల్లో ఉప్పు తగ్గింది. ఆయన ఇంట్లోనూ కరక్కాయ తీయడం మర్చిపోయేవాడు గనక నేనేమీ అనలేదు. నా కాపురంలో మొదటిసారి వంకాయలు నా ఇష్టమొచ్చినట్టు చక్రాలుగా కోసుకున్నాను.

అక్కడితో ఆగితే ఆయన రాజారత్నం ఎందుకవుతాడు? ఒక్క పిల్లకు మంచిదైంది అందరికీ మంచిదే కదా అని, ఓ సోమవారం బడి మొత్తానికి హుకుం జారీ చేశాడు. ఇయ్యాల ఎవ్వరూ ఒర్రొద్దు, ఎవరి పని వాళ్ళే చూసుకోవాలె అని. బుగ్గన కరక్కాయ పెట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. పిల్లల్లో సగం మంది నిద్రపోయారు. కొందరు గోళీలు తీశారు. రంగి ఎప్పట్లాగే దాని పని అది చూసుకుంది.

ఊరు మాత్రం పరేషానైపోయింది. పదో ఎక్కం వినబడలేదు గనక ఎవరూ ఎసరు పెట్టలేదు. పెద్ద రోడ్డు మీద మిలిటరీ లారీలు తిరిగే రోజులాయె, "సారును మిలిటరోల్లు పట్కపోయిండ్రట" అని ఎవరో అన్నారు. "కాదు, గుండె ఆగి సచ్చిపోయిండట" అని ఇంకొకరు. ముసలి పెంటమ్మ ఏడుస్తూ మా ఇంటికొచ్చి నన్ను కావలించుకుంది. ఆవిడ వెనకాలే కిటికీలోంచి మా ఆయన తొంగి చూశాడు. ఏమైందో అడుగుదామంటే నోట్లో కరక్కాయ! మాట్లాడక కళ్ళు తేలేసి చూస్తున్న ఆ మొహం చూసి పెంటమ్మ, "అయ్యో, నోరు వడిపోయింది!" అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఇంతకంటే ఘోరం ఇంకోటి జరుగుతోందని మాకు తెలియదు. ఆ రోజే ఇన్స్పెక్టరు బడి చూడటానికి బయల్దేరాడు. నిజాం కాలంలో మొహతమీం అనేవాళ్ళం, అప్పుడప్పుడే ఇన్స్పెక్టరు అనడం నేర్చుకుంటున్నాం. జనార్దనరావు అని హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చినాయన. బస్సు దిగి, ఎదురుపడ్డ దుర్గయ్యను బడి ఎక్కడని అడిగాడట. "గీ బాట వట్టి పోండ్రి సార్. ఒర్రుడు ఇనవడ్డ కాడ ఆగుండ్రి, గదే బడి" అన్నాడట దుర్గయ్య. ఆయనా బడులు ఎరిగినవాడే గనక చెవులు రిక్కించుకుని నడిచాడు. ఒర్రుడు లేదు. మా బడి ముందునుంచే నడిచి, బడి దాటి, పొలాల దాకా పోయి, మళ్ళీ అదే ఎండలో మా ముందునుంచే వెనక్కి పోయాడు.

మా ఆయన ఆయన్ని చూశాడు! టోపీ పెట్టుకున్న మనిషి అటు పోవడం, ఇటు రావడం కిటికీలోంచి చూశాడు. దారినపోయే మేకకు కూడా తోవ చెప్పే మనిషి, ఆ ఒక్క రోజే, బుగ్గన కరక్కాయ ఉండి, చెప్పలేదు. బడి మూతబడిపోయిందని ఇన్స్పెక్టరు రాసేసుకున్నాడు.

వారం తిరక్కుండానే మిషను బళ్ళ మేనేజరు ఏసుపాదం అయ్యగారు సైకిలు మీద రొప్పుతూ వచ్చారు. "ఏందయ్యా రాజారత్నం! బడి నడుస్తలేదని సర్కారుకు రిపోర్టు పోయింది. నేను కాళ్ళావేళ్ళా పడి ఇంకొక్కసారి చూడుమన్న. వచ్చే బేస్తారం వస్తడు. ఆ రోజు బడి బతికున్నట్టు కనవడకుంటె ఖతం, మూసేస్తరు."

"మూసేస్తె మేమేం కావాలె అయ్యగారూ?"

"మీకేం ఫికర్ లేదు. మిర్యాలగూడ బడిల ఒక జాగ ఖాళీ ఉన్నది. పెంకుటిల్లు గూడ ఇస్తరు."

మిర్యాలగూడ! పెంకుటిల్లు! నా చేతిలో చెంబు జారిపోవాల్సింది. దేవుడు ఇన్నాళ్ళకి విన్నాడురా అనుకుని మా ఆయన వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బడిలోకి చూస్తున్నాడు. రంగి ఒక్కతే అక్కడ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. "మాకు ఇంకో బడి ఉన్నది అయ్యగారూ. ఆ పిల్లకు లేదు" అన్నాడు. ఈ బడి పోతే ఈదమ్మ దాన్ని ఎంత దూరం పంపగలదు? కలుపుకి తీసుకుపోతుంది, ఇంకేం చేస్తుంది. నాకు మిర్యాలగూడ మీద ఆశ చావలేదు గానీ, ఆ పూట ముద్ద సహించలేదు.

బేస్తవారం వచ్చింది. అయ్యగారు పొద్దున్నే దిగి, "ఒర్రుండ్రి! గట్టిగ ఒర్రుండ్రి!" అని పిల్లల ముందు నిలబడ్డారు. పిల్లలు ఆ సోమవారం బాకీ తీర్చుకున్నారు. తాటాకులు అదిరాయి. ఆడవాళ్ళు హమ్మయ్య అని ఎసరు పెట్టుకున్నారు. ఇన్స్పెక్టరు జనార్దనరావుగారు బస్సు దిగిన చోటనుంచే వింటూ నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడి, "ఆఁ! ఇప్పుడున్నది బడి!" అన్నాడు సంతోషంగా. నేను మజ్జిగ గ్లాసుతో తలుపు పక్కన నిలబడ్డాను.

ఆయన ఒక పిల్లవాణ్ణి లేపి, "పదమూడు ఏడ్లు ఎంత?" అన్నాడు. వాడు చేతులు కట్టుకుని, "పదమూడొకటి పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు..." అని మొదట్నుంచి అందుకున్నాడు. ఏడు దగ్గర ఆగమంటే ఆగలేక పది దాకా పోయి వచ్చాడు. ఇంకొకణ్ణి అడిగితే వాడూ అంతే. మధ్యలో ఎక్కడానికి వాళ్ళకు మెట్టు లేదు. ఇన్స్పెక్టరు మొహం చిట్లించాడు. అప్పుడు ఆయన కన్ను గోడవైపు తిరిగి ఉన్న రంగి మీద పడింది.

"ఆ పిల్ల ఏంటి, వీపు చూపిస్తోంది? నోరే తెరవలేదు. మూగదా?"

"మొక్కై వంగనిది..." అని అయ్యగారు ఏదో సర్దబోయారు.

"ఏమమ్మాయ్, ఇటు చూడు. ఇరవైమూడు పద్దెనిమిదులు ఎంత?"

ఎక్కాల్లో లేని లెక్క! మా ఆయన చెయ్యి జేబులోకి పోవడం, బుగ్గ ఉబ్బడం ఒక్క క్షణంలో అయిపోయాయి. రంగి తల ఊపి, మళ్ళీ గోడవైపే తిరిగి, చింతగింజలు పరుచుకుంది. కాస్త జరిపింది. ఆగింది. మొత్తం చెరిపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. చెరిపెయ్యడమెందుకే తల్లీ అనుకున్నాను. మా కోడిపెట్ట ఒకటి గుమ్మంలోకొచ్చి, ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ చూడలేదేమో, వెనక్కి పోయింది. జవాబు మా ఆయనకు తెలుసు. అది గొంతులోకొచ్చి కరక్కాయను తంతున్నట్టు బుగ్గ అటూ ఇటూ కదులుతోంది. చెప్పాడా, ఆ పిల్ల గింజలు ఊడ్చుకుని వెళ్ళిపోతుంది, బడి పోతుంది, అంతా పోతుంది. దేవుడా, ఈ మనిషి నోరు ఇంకొంచెంసేపు మూసి ఉంచు అని దణ్ణం పెట్టుకున్నాను. మిర్యాలగూడ సంగతి ఆ క్షణాన దేవుడికి గుర్తుచెయ్యలేదు.

మా ఆయన ఆపుకున్నాడు. ఆపుకోలేకపోయింది ఇన్స్పెక్టరు! ఆయనా ఒకప్పుడు పంతులేగా, పాపం. పిల్ల తడుముకుంటోందని జాలి పుట్టి ముందుకు వంగి, "చూడమ్మా, నాలుగు వందల..." అన్నాడు.

"చెప్పకండి సార్!"

ఆ అరుపు పెద్ద రోడ్డు దాకా వినబడిందని దుర్గయ్య తర్వాత ఒట్టేసి చెప్పాడు. అరిచింది మా ఆయన. అరుపుతోపాటు బుగ్గలోంచి కరక్కాయ ఎగిరి వచ్చి నా చేతిలోని మజ్జిగ గ్లాసులో టప్పున పడింది. పుట్టినప్పటినుంచీ అందరికీ అన్నీ చెప్పేసిన మనిషి, సర్కారు ఆఫీసరును పట్టుకుని చెప్పొద్దని అరిచాడు. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఇన్స్పెక్టరు నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

రంగి మాత్రం తల తిప్పి మా ఆయన ఉన్నాడా అని చూసింది. ఉన్నాడు. మళ్ళీ గోడవైపు తిరిగి, ఇంకాసేపు గింజలు జరిపి, అప్పుడు లేచి నిలబడింది.

"నాలుగొందల పద్నాలుగు సార్."

"ఇంతసేపు ఎందుకు పట్టింది?" అన్నాడు ఇన్స్పెక్టరు, గొంతు సవరించుకుని.

"ఒక్కపారి వస్తె నేను నమ్మ సార్. ఇరవై పద్దెనిమిదులు, మళ్ళ మూడు పద్దెనిమిదులు కలిపితె ఒక తొవ్వ. ఇరవైమూళ్ళు ఇరవై ఏసి, రెండు ఇరవైమూళ్ళు తీసేస్తె ఇంకో తొవ్వ. రెండు తొవ్వలు ఒక్కకాడికే రావాలె. వచ్చినయ్."

ఆయన గాలిలో వేలితో లెక్క వేసుకున్నాడు. ఒక తోవలో వేశాడు, రెండో తోవలోనూ వేశాడు. మెల్లగా కూర్చున్నాడు. "ఎవరు నేర్పారమ్మా నీకు ఇది?"

"ఎవ్వలు నేర్పలే."

మా ఆయన తల వంచుకున్నాడు. నాకు మండిపోయింది. ఇంత చేస్తే ఎవ్వలు నేర్పలేదట! కానీ ఆ పిల్ల మాట అయిపోలేదు. ఆగి, సరైన మాట కోసం వెతుక్కుని, ఎవరూ అందించకపోతే తనే అంది.

"సారు చెప్పకుండ కూసుంటడు. గది సారుకు శాన కష్టం సార్."

మా ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. పిల్లలందరి ముందు, ఇన్స్పెక్టరు ముందు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. ఇన్స్పెక్టరు ఏం చెయ్యాలో తోచక నా చేతిలోని గ్లాసు లాక్కుని గడగడా తాగేశాడు. చివర్లో పంటికి ఏదో తగిలింది. నమిలాడు. మొహం వికారంగా ముడుచుకుపోయింది, నాలుక పెగల్లేదు. మాట్లాడకుండా చేత్తోనే బడి ఉంటుంది, ఉంటుంది అని సైగ చేసి బస్సుకు బయల్దేరాడు.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని వంకాయలు ముందేసుకున్నాను. అయ్యగారు పోతూ పోతూ ఒక మాట చెప్పిపోయారు. మిర్యాలగూడ జాగా ఇంకా ఖాళీగానే ఉంది, కావాలంటే పోవచ్చు, ఇక్కడికి ఇంకో పంతులును వేస్తాం అని. మా ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"సువార్తా, నీకేమనిపిస్తుంది? గీడనే ఉందామా, మిర్యాలగూడ పోదామా?"

నేను కత్తి ఆపాను. ఆయనే చెప్పేస్తాడని చూశాను. చెప్పలేదు. బుగ్గ వైపు చూశాను. కరక్కాయ లేదు. ఉత్త నోటితో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహం వంక చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళైనప్పటినుంచీ నన్నెవరూ అలా చూడలేదు. నాకేం చెప్పాలో తెలియలేదు. నా జవాబు నేను వెతుక్కోవడం అలవాటు తప్పిపోయింది మరి! తొందరపడదలుచుకోలేదు. రంగిలాగే తీరిగ్గా ఒక తోవలో పోయి చూశాను. అక్కడ పెంకుటిల్లు ఉంది, బావి ఉంది, అక్క ఉంది, వెనక ఇక్కడ కొత్త పంతులు ఎవరో రంగి పక్కన కూర్చుని గింజలు జరుపుతున్నాడు. రెండో తోవలో పోయి చూశాను. అక్కడ కురిసే చూరు ఉంది, గిన్నెలున్నాయి, గోడవైపు తిరిగిన ఆ పిల్ల వీపు ఉంది. అది తల తిప్పితే కనబడాల్సిన మనిషి ఉన్నాడు. రెండు తోవలూ ఒక్కచోటికే వచ్చాయి.

"ఇక్కడే ఉందామండీ" అన్నాను.

ఆయన కళ్ళు మెరిశాయి. ఎందుకుండాలో వివరించడానికి నోరు తెరిచాడు.

"చెప్పొద్దు" అన్నాను. "ఈ మాట నాది."

నోరు మూసుకున్నాడు. నన్నెవరైనా అడిగితే, మా పెళ్ళి కోదాడ చర్చిలో కాదు, సూర్యాపేట శివారులో ఆ సాయంత్రం వాకిట్లో జరిగిందని చెబుతాను. వంకాయలు మాత్రం తొడిమ తియ్యకుండా నాలుగు పక్షాలుగానే కోశాను. గుత్తివంకాయకు అలాగే కొయ్యాలి, ఆ విషయంలో ఆయన చెప్పిందే నిజం.